వేమూరి వారి గుండిగ

"అమ్మా, నీ ఇంటిపేరు ఏం రాయను?" అని మా అమ్మాయి అడిగేసరికి నేను పెనం మీద పెసరట్టు తిరగేస్తున్నాను.

"ఇదేం ప్రశ్నే! మిరియాల అని రాయి" అన్నాను.

"మరి నీ టెన్త్ సర్టిఫికెట్లో గుడ్లవల్లేటి అని ఉందిగా?"

పెసరట్టు మాడిపోయింది.

సంగతేమిటంటే, మా అమ్మాయికి ఇటలీలో ఎమ్మెస్సీ సీటొచ్చింది. చదువుకి బ్యాంకు లోను కావాలి. మా నాన్నగారు నా పెళ్ళప్పుడు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన స్థలాన్ని హామీగా పెడదామనుకున్నాం. స్థలం కాగితంలో నేను గుడ్లవల్లేటి. ఆధార్లో, రేషన్ కార్డులో, పాన్ కార్డులో మిరియాల. బ్యాంకులో ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, "ఈ ఇద్దరూ ఒకరేనని రుజువేదమ్మా?" అన్నారు. ఆయన రూలు ఆయనది, కాదనను. కానీ ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషిని పట్టుకుని నువ్వు నువ్వేనా అంటే ఎలా ఉంటుందో మీరే చెప్పండి. చివరికి లాయరు దగ్గరికి వెళ్ళి, ఫలానా ఆవిడా ఫలానా ఆవిడా ఒక్కరేనని స్టాంపు కాగితం మీద ప్రమాణం చేసి వచ్చాను. ఏ ఇంటిపేరుతో సంతకం పెట్టాలా అని అక్కడా ఒక్క నిమిషం ఆగాను లెండి.

మర్నాడు పొద్దున్నే అటక దులిపే పని పెట్టుకున్నాను. మనసు బాగాలేనప్పుడు నాకు అదొక అలవాటు. దించిన సామాను వరండాలో పరిచి చింతపండు పెట్టి తోముతుంటే ఒక్కో గిన్నె మీదా ఒక్కో ఇంటిపేరు బయటపడింది. నా పెళ్ళికి పెట్టిన స్టీలు సామాను మీద గుడ్లవల్లేటి. మా అమ్మ ఇచ్చిన రాగి బిందె మీద కంకిపాటి, అది అమ్మ పుట్టింటి వారి పేరు. అత్తగారి కంచు గ్లాసుల మీద పామర్తి. అన్నిటికన్నా కింద, ఇద్దరు పడితేగాని లేవని మా నాయనమ్మ ఇత్తడి గుండిగ. దాని అంచు మీద చేత్తో ఉలి పెట్టి కొట్టిన అక్షరాలు: వేమూరి.

మన ఆడవాళ్ళకి రికార్డు ఆఫీసంటూ ఉంటే అది అటకే అనిపించింది. రేషన్ కార్డులో పోయిన పేర్లన్నీ అక్కడ భద్రంగా ఉన్నాయి.

ఆ గుండిగకో కథ ఉంది. మా నాన్నగారిది దివిసీమలో అవనిగడ్డ దగ్గర చిన్న ఊరు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన సంగతి మన జిల్లాలో పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు. 10,000 మందికి పైగా పోయారు. మా వాళ్ళు పక్కింటి డాబా ఎక్కి బతికారు. నీళ్ళు తీశాక చూస్తే ఇల్లు లేదు, గొడ్లు లేవు, సామాను ఎటు కొట్టుకుపోయిందో తెలియదు. బురదలో దొరికిన బిందెలూ గుండిగలూ అన్నీ తెచ్చి ఒకచోట రాశి పోశారట. ఎవరి పేరు ఎవరి గిన్నె మీదుంటే వాళ్ళు పట్టుకెళ్ళడమే. మగవాళ్ళ ఇంటిపేర్లు కొట్టినవి రెండు మూడు రోజుల్లో ఖాళీ అయ్యాయి. ఈ గుండిగ మటుకు అలాగే ఉండిపోయింది. "వేమూరి వాళ్ళు మన ఊళ్ళో ఎవరున్నారు, ఎవరూ లేరే" అనుకున్నారట.

మా నాయనమ్మ వెళ్ళి "అది నాది" అంది. "మీరు గుడ్లవల్లేటి వారు కదమ్మా" అన్నారు అక్కడివాళ్ళు. ఆవిడ కాపురానికి వచ్చి అప్పటికి 30 ఏళ్ళు. ఆవిడ పుట్టింటి పేరు ఆ ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. కొల్లూరు నుంచి వచ్చింది గనక అందరికీ కొల్లూరమ్మ, అంతే. అప్పుడావిడ ఏం చేసిందంటే, "బోర్లించి చూడండి, అడుగున ఎడంపక్క చింతగింజంత మాటు ఉంటుంది, నా పెద్దకొడుకు పుట్టిన ఏడాది వేయించాను" అని చెప్పింది. బోర్లించారు. మాటు ఉంది. ఇచ్చారు.

ఈ కథ చిన్నప్పట్నుంచీ వంద సార్లు విన్నాను. బ్యాంకు నుంచి వచ్చాక గాని నాకు పూర్తిగా అర్థం కాలేదు.

ఇంతకీ ఈ ఇంటిపేర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? మన కృష్ణా తీరంలో చాలామందివి ఊళ్ళ పేర్లే. విజయవాడలో బందరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోండి. కంకిపాడు దాటుతుంది, అది కంకిపాటి వారి ఊరు. పామర్రు వస్తుంది, పామర్తి వారు. అక్కణ్ణుంచి గుడివాడ వైపు తిరిగి ముందుకెళితే మా గుడ్లవల్లేరు. ఏలూరు అయితే ఏలూరి, పసుమర్రు అయితే పసుమర్తి. ఊరి పేరు చివర ఈ 'టి'లూ 'తి'లూ 'రి'లూ ఎందుకొచ్చాయని నేను ఇంటర్లో మా తెలుగు మేడంని అడిగాను. "ఇల్లు-ఇంటి, ఏరు-ఏటి, నుయ్యి-నూతి, ఊరు-ఊరి అంటాం కదా, ఇదీ అంతే" అన్నారు. వీటిని వ్యాకరణంలో ఔపవిభక్తికాలు అంటారట. చిన్నయసూరిగారి బాలవ్యాకరణంలో చెప్పారు. పేరు భయపెట్టినా విషయం చిన్నదే. గుడ్లవల్లేటి అంటే గుడ్లవల్లేరుకి చెందినవాళ్ళు. ఆమాటకొస్తే 'ఇంటిపేరు' అనే మాటలో ఉన్న 'ఇంటి' కూడా అలా వచ్చిందే.

ఇక్కడో తమాషా ఉంది. ఊళ్ళో ఉన్నవాళ్ళని ఆ ఊరి పేరుతో ఎందుకు పిలుస్తారు? గుడ్లవల్లేరులో అందరూ గుడ్లవల్లేరు వాళ్ళే గదా. అక్కణ్ణుంచి లేచి ఇంకో ఊరు వెళ్ళినవాణ్ణి అక్కడివాళ్ళు "ఆ గుడ్లవల్లేటాయన" అంటారు. అది కొడుక్కి, మనవడికి అంటుకుని ఇంటిపేరైపోతుంది. ఊరు వదిలినవాళ్ళకే ఊరి పేరు మిగులుతుందన్నమాట. నమ్మకపోతే చూడండి. విశ్వనాథ సత్యనారాయణగారు 1895లో పుట్టింది నందమూరులో, కానీ ఇంటిపేరు నందమూరి కాదు. నందమూరి ఇంటిపేరున్న రామారావుగారు 1923లో పుట్టింది నిమ్మకూరులో. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. ఘంటసాల ఊరేమో చల్లపల్లి దగ్గరుంది, పాతకాలం బౌద్ధ స్తూపం ఉన్న ఊరు. దీనికి అడ్డం వచ్చే పేర్లూ ఉన్నాయి. జంటకవి కాటూరి వెంకటేశ్వరరావుగారు ఉయ్యూరు దగ్గర కాటూరులోనే పుట్టారు. ఇంటిపేర్ల విషయంలో అన్నిటికీ ఒకే కొలత పెట్టడం కుదరదు.

ఊరు వదిలినవాళ్ళకి ఊరి పేరు అన్నాను కదా. మరి మన ఊళ్ళలో ప్రతి తరంలోనూ ఊరు వదిలేది ఎవరండీ? ఆడపిల్లలే. మనకీ ఆ పేర్లు పెడతారు. బందరత్తయ్య, గుడివాడ పిన్ని, ఏలూరు వదిన, కొల్లూరమ్మ. సరిగ్గా మగవాడికి ఇంటిపేరు వచ్చిన దారిలోనే వచ్చాయి ఇవి. తేడా ఒక్కటే. ఆయనది కొడుకుల పేర్ల ముందు చేరి కాగితాలెక్కింది. ఈవిడది నోటి మాటగా ఉండి, ఈవిడతోనే పోయింది. మా నాయనమ్మ పోయాక మా ఊళ్ళో కొల్లూరు మాట ఎవరి నోటా రాలేదు.

కాగితం ఎక్కితే ఎంత బలమో చెప్పడానికి మన కూచిపూడి చాలు. అక్కడ భాగవతుల మేళాల వాళ్ళ మధ్య భూమి పంపకానికి 1763లో రాసుకున్న కాగితం ఒకటి ఉంది. అందులో ఫలానా ఇంటిపేర్ల వాళ్ళకి ఇన్ని వాటాలని రాశారు. వేదాంతం, వెంపటి, పసుమర్తి, భాగవతుల, మహంకాళి లాంటి ఇళ్ళ వాళ్ళవే ఆ వాటాలు. ఇంటిపేరే అక్కడ దస్తావేజు. ఆ ఇళ్ళ మగపిల్లలకే ఆట, వాళ్ళకే సత్యభామ వేషం. వేదాంతం సత్యనారాయణశర్మగారు భామ వేషం కట్టి జడ వేసుకుని వస్తే ఆడవాళ్ళే నోరు తెరుచుకుని చూసేవారని మా అత్తగారు చెబుతుంటారు. మరి అవే ఇళ్ళలో పుట్టిన ఆడపిల్లలు? వాళ్ళు ఆ ఇంటిపేరు వదిలి ఇంకో ఇంటికి వెళ్ళేవాళ్ళే, అందుకని ఆట వాళ్ళకి లేదు. తర్వాత కాలం మారింది. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, ఏ ఇంటిపేరని చూడకుండా ఎందరో ఆడపిల్లలకి నేర్పారు. ఆ కాగితం రాసిన 200 ఏళ్ళకి సరిగ్గా. కావాలని చేసింది కాదులెండి, లెక్క అలా కలిసింది.

ఊళ్ళవి కాని ఇంటిపేర్లు కూడా బోలెడు. నాయకత్వం చేసిన పెద్ద పేరు చివర 'నేని' చేరినవి, బోయిన, శెట్టి చేరినవి, భట్ల చేరినవి ఉన్నాయి. నాకు మాత్రం వంటింటి పేర్లంటే సరదా. ఉప్పు వారు, పప్పు వారు, అల్లం వారు, తోటకూర వారు, చింతకాయల వారు, మా మిరియాల వారు. అందరినీ ఒకచోట చేరిస్తే చారు కాచుకోవచ్చు. మా వారి పూర్వీకులు మిరియాల వర్తకం చేశారని మా మామగారు గర్వంగా చెబుతారు. అత్తగారు మటుకు ఆయన అటు వెళ్ళగానే, "వర్తకమా పాడా, ఎవరికో అప్పిచ్చి డబ్బుకి బదులు రెండు బస్తాల మిరియాలు తెచ్చుకున్నారట, ఏడాదంతా ఇంట్లో అదే వాసనట, ఊరివాళ్ళు పెట్టిన పేరది" అంటారు. ఇద్దరిలో ఎవరిది నిజమో గాని, నాకు అత్తగారి మాటే రుచిగా ఉంటుంది.

మనందరం ఇష్టంగా చదివిన రచయిత్రుల పేర్లు కూడా ఈ కన్నుతో చూడండి. యద్దనపూడి సులోచనారాణిగారు మన మొవ్వ దగ్గర కాజలో పుట్టిన ఆడపడుచు. యద్దనపూడి అత్తింటి వారి పేరు, అదీ ఒక ఊరే. 'గృహలక్ష్మి'లో 'శారద లేఖలు' రాసిన కనుపర్తి వరలక్ష్మమ్మగారు 1896లో బాపట్లలో పాలపర్తి వారింట పుట్టారు. పాలపర్తి, కనుపర్తి, రెండూ 'పర్తి'లే. ఆవిడ రాసినవి చదివినవాళ్ళలో పాలపర్తి పేరు ఎంతమందికి గుర్తుంటుంది? ఆ పేరుతోనే రాయాల్సిందని నేననను. ఆవిడ కనుపర్తి పేరుకి గౌరవం తెచ్చారు. కాకపోతే పాలపర్తి వారికి దక్కాల్సింది కొంత అటు పోయింది.

మా అమ్మాయి ఇటలీ వెళ్ళిన వారం రోజులకి ఫోన్ చేసి, "అమ్మా, ఇక్కడ మన ఇంటి ఓనరు వాళ్ళ కాలింగ్ బెల్ మీద రెండు ఇంటిపేర్లున్నాయి" అంది. ఇద్దరు అన్నదమ్ములేమో అన్నాను. కాదట, మొగుడూ పెళ్ళాలట! అక్కడ పెళ్ళయినా ఆడవాళ్ళ కాగితాల్లో పుట్టింటి ఇంటిపేరే ఉంటుందట, అందుకని గుమ్మం ముందు ఇద్దరివీ రాసుకుంటారు. వాళ్ళ ఇంటిపేర్లకీ మనలాంటి కథలే ఉన్నాయి. రొస్సి అంటే ఎర్రవాళ్ళు, ఎర్రజుట్టు తాతగారి పేరు. ఫెరారి అంటే కారు అనుకుంటాం గాని, కమ్మరి వారన్నమాట. నేపుల్స్ వైపు ఎస్పోసితో అనే పేరు చాలామందికి ఉంటుంది. ఎవరూ లేక ఆశ్రమం గుమ్మంలో వదిలేసిన పసిపిల్లలకి వెనకటి రోజుల్లో పెట్టిన పేరట అది. ఆ బిడ్డలే పెద్దయి, పెళ్ళిళ్ళు చేసుకుని, అదే పేరుని వంశానికి ఇచ్చారు. అది విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

అంత పద్ధతిగా ఉన్న ఇటలీలోనూ పిల్లలకి మాత్రం తండ్రి ఇంటిపేరే వచ్చేదట. 2022 ఏప్రిల్లో వాళ్ళ రాజ్యాంగ కోర్టు అది తప్పని చెప్పింది. ఇకనుంచి పుట్టేవాళ్ళకి తల్లిదీ తండ్రిదీ రెండూ, లేదా ఇద్దరూ ఒప్పుకుని ఏదో ఒకటి.

అదే ఏడాది జూలైలో మన సుప్రీంకోర్టు కూడా ఇంటిపేరు మీద ఒక తీర్పు ఇచ్చింది. అది తెలుగువాళ్ళ కేసే. నెలల బిడ్డతో భర్త పోయిన ఒకావిడ మళ్ళీ పెళ్ళి చేసుకుంది. బిడ్డ సంరక్షణ తమకి ఇవ్వాలని మొదటి అత్తమామలు కోర్టుకెళ్ళారు. హైకోర్టు, పాత ఇంటిపేరే ఉంచాలి, రికార్డుల్లో రెండో భర్తని సవతి తండ్రి అని రాయాలి అంది. సుప్రీంకోర్టు ఆ మాట కొట్టేసింది. అలా రాయించడం దాదాపు క్రూరత్వమే, బిడ్డ మనసు ఏమవుతుందో చూడొద్దా అంది. బిడ్డకి సహజ సంరక్షకురాలు తల్లి, ఇంటిపేరు ఏదో ఆవిడే నిర్ణయించుకోవచ్చని చెప్పింది. ఆ అత్తమామల బాధ నాకు తెలియక కాదు, కొడుకు పోయాక వాళ్ళకి మిగిలింది ఆ పేరొక్కటే. అయినా బడిలో రోజూ హాజరు పలికేది ఆ పిల్లవాడు కదా.

ఈ గొడవలో పడ్డాక నేను తెలుసుకున్నవి మీకూ పనికొస్తాయి. పెళ్ళవగానే ఇంటిపేరు మార్చుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ లేదు. మనమే శుభలేఖ చూసి రేషన్ కార్డు వాళ్ళకి చెప్పేస్తాం, తర్వాత ఒక దాన్ని చూసి ఒకటి మారిపోతాయి. మార్చుకుంటే అన్నిట్లోనూ మార్చుకోండి, లేకపోతే ఎక్కడా మార్చొద్దు. నాలాగా సగం అటూ సగం ఇటూ ఉంటేనే తిప్పలు. టెన్త్ సర్టిఫికెట్, పెళ్ళి రిజిస్ట్రేషన్ కాగితం ఒకే కవర్లో పెట్టుకోండి, పట్టుచీరల మడతల్లో వేరువేరుగా కాదు. పిల్లల విషయంలో ఇంకో సంగతి. మనం బడిలో ఇంటిపేరుకి ఒక్క అక్షరం రాయించి వదిలేస్తాం. పాస్‌పోర్టుకి పొడి అక్షరం పనికిరాదు, పూర్తిగా రాయాలి. అప్పుడు గుడ్లవల్లేటి లాంటి పేరుకి ఇంగ్లీషు స్పెల్లింగు ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కోలా ఉందని బయటపడుతుంది. మా నాన్నగారిదీ, మా చెల్లెలిదీ, నాదీ, మూడూ మూడు రకాలు.

మా నాన్నగారికి ఇద్దరం ఆడపిల్లలమే. మా పెద్దనాన్నగారికి పిల్లల్లేరు. ఆయన ఎప్పుడూ పైకి అనలేదు గాని, మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు పేపరు చదువుకుంటూ మామూలుగా అన్నట్టు, "గుడ్లవల్లేటి వాళ్ళం ఇక నాతో సరి" అన్నారు. మా అమ్మ వంటింట్లోంచి, "కంకిపాటి వాళ్ళం నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజే సరి, అప్పుడు మీరు అడిగారా?" అంది. నాన్నగారు పేపరు దించలేదు. చాలాసేపటి తర్వాత, "మీ నాయనమ్మ గుండిగ ఏదే?" అని నన్ను అడిగారు. నా దగ్గరే ఉంది, తోమి పెట్టానన్నాను. "ఆ మాటు ఊడకుండా చూసుకో" అన్నారు.

సెలవులకి వచ్చిన మా అమ్మాయి తిరిగి వెళ్ళేటప్పుడు పోపుల డబ్బా కావాలంది. వన్‌టౌన్‌లో స్టీలు సామాను కొట్టుకి వెళ్ళి ఏడు గిన్నెలది, బిగువుగా మూత పట్టేది చూసి తీసుకున్నాం. పేరు కొట్టే అబ్బాయి మిషను చేతిలో పట్టుకుని, "ఇంటిపేరు చెప్పండమ్మా" అన్నాడు. నేను మిరియాల అనబోయాను. మా అమ్మాయి నన్ను ఆపి, "రాసుకో అన్నా" అని వరసగా చెప్పింది: వేమూరి, కంకిపాటి, పామర్తి, గుడ్లవల్లేటి, మిరియాల.

ఆ అబ్బాయి మా ఇద్దరి వంకా చూసి, "మూత మీద ఇంత చోటు లేదు మేడం" అన్నాడు.

"లోపలి వైపు కూడా కొట్టు" అంది.